ఆరు గుడారాల ఆయకట్టు

శనివారం, జూన్ మూడో వారం. ఆకాశం మబ్బు. గాలి పడమర నుంచి. ఉదయం దోసెలు రెండు, టీ ఒకటిన్నర కప్పు.

హాజరైనవారు: నేను. మా అల్లుడు శ్రీకాంత్. మా మనవరాలు అమూల్య, పదేళ్ళు. అమూల్యతో కలిపి ఏడుగురు స్కౌటు పిల్లలు. వాళ్ళ నాయకురాలు లేనా, ఇరవై రెండేళ్ళు. ఒక రైతు, కాసేపు. వాన, మా ఆహ్వానం మీద.

ఆ రోజు డైరీలో చదవడానికి వీలుగా మిగిలింది ఇంతే. కింది సగం నీళ్ళలో నాని, సిరా అంతా ఒకటైపోయి, నీలం రంగు చేపల చెరువులా ఉంది. అది ఎలా నానిందో ఇప్పుడు చెబుతాను. ముందుగా ఒక హెచ్చరిక. ఈ కథలో ఆరు గుడారాలు, ఒక తెల్ల ప్యాంటు, ముప్పై నాలుగేళ్ళ సర్వీసు గల ఒక పెద్దమనిషి పరువు మునిగిపోతాయి. ప్రాణనష్టం లేదు.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. అప్పటికి నాకు అరవై ఏడు. కుర్రతనం. ఇప్పుడు డెబ్బై ఒకటి కాబట్టి బుద్ధి వచ్చింది, రాయగలుగుతున్నాను.

నేను గోదావరి కింద కాలువల మీద ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషిని. పంతొమ్మిదో ఏట మొదలుపెట్టిన డైరీ ఒక్కరోజు మానలేదు. నా పెళ్ళిరోజు పేజీలో మొదటి వాక్యం ‘తెల్లవారుజామున చిరుజల్లు’ అని ఉంటుంది. మా ఆవిడ ఈనాటికీ దాన్ని క్షమించలేదు. రెండో వాక్యంలో నువ్వే ఉన్నావు కదా అని ఎన్నిసార్లు చూపించినా, వాన తరువాత వచ్చానా నేను అంటుంది. నిజమే, వాన నాలుగున్నరకి వచ్చింది, ఆవిడ ఏడుకి వచ్చింది. నేను ఉన్నది ఉన్నట్టు రాశాను.

కాలువలలో రెండు జాతులు ఉంటాయని మీలో పట్నం వాళ్ళకు తెలియకపోవచ్చు. పొలానికి నీళ్ళు తెచ్చేది పంట కాలువ. పొలంలో ఎక్కువైన నీళ్ళను తీసుకుపోయి సముద్రంలో పారేసేది మురుగు కాలువ. మాది పంట కాలువ. మురుగు కాలువల వాళ్ళ ఆఫీసు మా మేడ వెనక, సైకిల్ స్టాండు పక్కన ఉండేది. వాళ్ళు మా క్యాంటీనుకి టీకి వస్తే మేం బెంచీ మీద కొంచెం జరిగి కూర్చునేవాళ్ళం. చోటివ్వడానికి కాదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తరువాత దీనితో పనుంది.

మా అమ్మాయి కాపురం జర్మనీలో, బ్రెమెన్‌లో. ఏటా వేసవిలో మూడు నెలల వీసా మీద మేమిద్దరం వెళ్ళి వస్తాం. మొదటిసారి రైల్లో కూర్చుని కిటికీలోంచి చూసి నేను ఉబ్బిపోయాను. ఎటు చూసినా చదును నేల. ప్రతి పొలం చుట్టూ కాలువ. కొబ్బరిచెట్లు తీసేసి ఆవుల్ని లావు చేస్తే అచ్చం మా డెల్టా.

“చూశావా శ్రీకాంత్, పొలం పొలానికీ ఎంత చక్కగా నీళ్ళు పెట్టుకున్నారో,” అన్నాను.

మా అల్లుడిది కరీంనగర్ వైపు పల్లె. ఇక్కడ విమానం రెక్కలు తయారుచేసే చోట ఉద్యోగం. ఫోనులోంచి తల ఎత్తకుండానే, “అవి నీళ్ళు తెచ్చేటివి కాదు మామా, బయటికి పంపేటివి. ఈడ వానకు కొదువ లేదు,” అన్నాడు.

నేను నమ్మలేదు. రెక్కలు చేసుకునేవాడికి కాలువల సంగతి ఏం తెలుస్తుంది?

ఇక అమూల్య సంగతి. ఈ గుడారాల గొడవకి ముందు ఏడాది వాళ్ళు జీగెన్ నుంచి బ్రెమెన్‌కి మారారు. కొత్త ఊరు, కొత్త బడి, పిల్లకి స్నేహితులు లేరు. చలికాలంలో స్కౌట్స్‌లో చేర్చారు. అక్కడ కొత్తగా చేరిన పిల్లలకు మెడలో కట్టుకునే నీలం స్కార్ఫ్ ఊరికే ఇవ్వరు. వాన పడుతున్న రోజున గుడారం వేసి, ఒక రాత్రి అందులో గడిపి, తెల్లవారి లేవాలి. మధ్యలో అమ్మానాన్నలకు ఫోను వెళ్ళిందా, ఆ ఏటికి అంతే. మళ్ళీ వచ్చే జూన్ దాకా బోసిమెడే. అమూల్య ఆ స్కార్ఫ్ కోసం అద్దం ముందు మా ఆవిడ చున్నీ కట్టుకుని సాధన చేసేది. మిగిలిన పిల్లలు తనని లెక్కలోకి తీసుకోవాలని, ‘మా తాతయ్య నీళ్ళ ఇంజనీరు, వాన గురించి ఆయనకి తెలియనిది లేదు’ అని ఒకరోజు చెప్పేసింది. లేనా అది విని, అయితే ఆయన్నే వచ్చి చెడ్డ వాతావరణంలో శిబిరం ఎలా వేయాలో నేర్పమను అంది.

చూశారా, పిల్ల నా పరువుని తాకట్టు పెట్టి తన పరువు తెచ్చుకుంది. ఇక నేను వెళ్ళక తప్పుతుందా?

లేనాతో మాట్లాడడానికి నాకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇచ్చారు. రెండు వారాల తరువాత, సాయంత్రం నాలుగుంపావుకి. ఈ దేశంలో వానకి తప్ప అన్నిటికీ టెర్మిన్ కావాలి. లేనా పొడుగ్గా, తాటిచెట్టుకి కళ్ళజోడు పెట్టినట్టు ఉంది. యూనివర్సిటీలో చదువుకుంటూ ఈ పిల్లల్ని చూసుకుంటోంది. చెడ్డ వాతావరణం అంటూ లేదు, చెడ్డ బట్టలే ఉన్నాయి అని ఇక్కడ ఒక సామెత. తడిసి ముద్దైన ప్రతి జర్మన్ మనిషీ దాన్ని వారానికి రెండుసార్లయినా అంటాడు. లేనా కూడా అంది. నేను, ‘చెడ్డ కాలువలు కూడా ఉన్నాయి’ అని గంభీరంగా అన్నాను. అల్లుడు తర్జుమా చేశాడు. ఆ మాట ఎవరి మీదకి తిరగబోతోందో అప్పుడు నాకు తెలియదు.

నా చిన్నప్పుడు మా బడిలోనూ స్కౌట్స్ ఉండేది. వానాకాలం శిబిరానికి పోతే గుడారం చుట్టూ జానెడు కందకం తవ్వాలి, నీళ్ళు అందులో పడి పోతాయి, అని మా మాస్టారు చెప్పేవారు. ఆయన చెప్పింది అంతే. దానికి మెరుగులు దిద్దింది నేను. గళ్ళ కాగితం మీద మూడు రోజులు ప్లాను గీశాను. ప్రధాన కాలువ, దాని నుంచి గుడారం గుడారానికీ పిల్లకాలువలు, వాలు ఎంత, వెడల్పు ఎంత, అన్నీ.

మా ఆవిడ కూరలు తరుగుతూ, “పదిమంది ఒక రాత్రి పడుకోవడానికి ప్రాజెక్టు రిపోర్టు దేనికండీ?” అంది.

నేను డైరీలో రాసుకున్నాను. ‘ఇంట్లో ప్రోత్సాహం తక్కువ.’

శనివారం పొద్దున్న ఊరికి అరగంట దూరంలో ఒక రైతు పచ్చికబయలుకి చేరాం. ఇక్కడ పచ్చికలో చెంచాతో గుంట తీసినా ఎవరినో అడగాలి. అందుకే లేనా తవ్వడం అనగానే బెదిరింది. నేను రైతుని పిలిపించి అల్లుడి చేత అడిగించాను. ఆయన రబ్బరు బూట్లలో నిలబడి నా ప్లాను కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ మూల ఎలాగూ వచ్చే వారం దున్నేస్తాను, తవ్వుకోండి, వెళ్ళేటప్పుడు పూడ్చండి అన్నాడు. పోతూ పోతూ అల్లుడితో ఇంకేదో అన్నాడు.

“ఏమంటాడు?”

“కాలువ తలకిందులున్నట్టు కొడుతుంది అంటున్నడు మామా.”

“కాగితం తలకిందులుగా పట్టుకున్నాడు, అందుకు,” అన్నాను.

మనవి: ఆయన కాగితం సరిగ్గానే పట్టుకున్నాడు.

ఆ బయలు ఒక పక్క కొంచెం మిట్ట. మిట్ట మీద ట్రాక్టరు బాట. అక్కడి నుంచి నేల మెల్లగా వాలుతూ పోయి, కింద రైతు కాలువలో కలుస్తుంది. వాలుకి అడ్డంగా ఒకే వరసలో ఆరు గుడారాలు వేయించాను. మొదటిది నాది. తరువాత మూడు పిల్లలవి. తరువాత లేనాది. అన్నిటికన్నా చివర మా అల్లుడిది. ఈ స్కౌట్ల గుడారాలు నల్లటి మందపాటి గుడ్డతో ఉంటాయి, ముక్కలు ముక్కలుగా తెచ్చి గుండీలు పెట్టి కలుపుతారు. ఒక్కటే లోపం. వాటికి అడుగు ఉండదు. కింద నేలే.

పిల్లలకి తవ్వడమంటే పండగ. జర్మనీలో పెద్దవాళ్ళు వాళ్ళని ఏనాడూ ఏదీ తవ్వనిచ్చినట్టు లేదు. మా కాలువల మీద తూములు ఎత్తీ దించీ నీళ్ళు వంతులవారీగా వదిలేవాళ్ళని లస్కర్లంటారు. ఒక్కొక్కరినీ ఒక్కొక్క పిల్లకాలువకి, మిగిలిన ఏడోవారిని పెద్ద కాలువకి, లస్కరుగా నియమించాను. యోనస్ అని చెవులు ఎర్రగా ఉండే పిల్లాడు ఆ పదవిని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, మధ్యాహ్నం భోజనానికి కూడా తూము వదిలి రాలేదు. అతనికి పులిహోర అక్కడికే పంపించాం.

ప్రధాన కాలువని మిట్ట అంచున, గుడారాలకి పైన తవ్వించాను. ట్రాక్టరు బాట మీద పడిన వానంతా అందులోకి వచ్చేలా దాని మొదలు బాట పక్కనే పెట్టాను. నీళ్ళు చాలకపోతే చివరి గుడారానికి అందవేమోనని.

చదువుతున్నవారు ఇక్కడ కొంచెం ఆగి నన్ను ఒక మాట అనుకోవచ్చు. నేను అప్పుడు ఆగలేదు.

ఆ కాలువ నుంచి ఒక్కో గుడారానికి ఒక్కో పిల్లకాలువ. గుడారం చుట్టూ కందకం. కందకం బయట బాగా దిమ్మిస చేసిన గట్టు, నీళ్ళు వృథాగా పోకుండా. ఆ గట్టు ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. సర్వీసులో కాంట్రాక్టర్లని బతిమాలినా అలాంటి గట్టు వేయలేదు. ఏడుగురు పిల్లలు రబ్బరు బూట్లతో అరగంట గెంతితే వచ్చింది.

మా అల్లుడు చివరి గుడారం దగ్గర చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

“నన్ను ఆఖర్ల ఏసిన్రు గదా మామా,” అన్నాడు. “మా ఊరు గూడ కాలువకు ఆఖర్లనే ఉంటది. నేను పుట్టినసంది నీళ్ళొస్తయి, నీళ్ళొస్తయి అంటున్నరు. నేను జర్మనీ దాకా అచ్చిన గని, నీళ్ళు మా మడి దాకా రాలె.”

అది నాకు ములుకులా గుచ్చుకుంది. కాలువ ఇంజనీరుకి జీవితంలో ఒకే ఒక్క బాధ, చివరి ఆయకట్టు. మొదట్లో ఉన్నవాళ్ళు తాగేసి, మధ్యలో వాళ్ళు మళ్ళించేసి, చివరి రైతు దాకా వచ్చేసరికి కాలువలో చెప్పులు తడవవు. ఆ రైతులు ఆఫీసు మెట్ల మీద కూర్చుంటే నేను వెనక గుమ్మంలోంచి ఇంటికి పోయిన రోజులు డైరీలో ఉన్నాయి. అందుకని అల్లుడి గుడారం వైపు వాలు ఇంకాస్త పెంచాను.

“ఈసారి నీకు అన్యాయం జరగదు,” అన్నాను.

అప్పుడు అమూల్య వచ్చింది. చేతిలో పార, మొహం నిండా మట్టి. వాళ్ళ భాషలో యోనస్‌తో ఏదో వాదించి, నా దగ్గరికి వచ్చి అడిగింది.

“తాతయ్యా, వాన పడితే నీళ్ళు ఎక్కడికి వెళ్తాయి?”

“పెద్ద కాలువలోకి.”

“అక్కడి నుంచి?”

“పిల్లకాలువలోకి.”

“ఆబర్... మరి అక్కడి నుంచి?”

“గుడారం చుట్టూ కందకంలోకి.”

“అక్కడి నుంచి?”

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. “అమ్మలూ,” అన్నాను, “ముప్పై నాలుగేళ్ళు చేశాను నేనీ పని. ముందు టీ తాగుదాం.”

పదేళ్ళ పిల్ల నాలుగు ప్రశ్నల్లో కనిపెట్టింది, గళ్ళ కాగితం మీద మూడు రోజులు గీసిన నాకు కనిపించలేదు. నీరు పల్లమెరుగు, ఇంజనీరు ఎరగడు. ముప్పై నాలుగేళ్ళూ నా చేతులు నేర్చుకున్నది ఒకటే, నీళ్ళని ఎక్కడున్నా పట్టుకొచ్చి, ప్రతి గడపకీ చేర్చి, గట్టు వేసి నిలపడం. పోగొట్టడం ఎలాగో సైకిల్ స్టాండు పక్కన కూర్చునేవాళ్ళకి తెలుసు. వాళ్ళని నేను ఏనాడూ ఒక్క ముక్క అడగలేదు.

అయిదింటికి జల్లు. అయిదున్నరకి వాన. ఆరున్నరకి అది వాన కాదు, పైన ఎవరో తూములన్నీ ఒకేసారి ఎత్తేశారు. జూన్‌లో ఇక్కడ రాత్రి పదింటి దాకా వెలుతురే కాబట్టి జరిగినదంతా స్పష్టంగా కనిపించింది. అదే నా దురదృష్టం.

లేనా అందరినీ గుడారాల్లోకి పొమ్మంది. నేను గొడుగు పట్టుకుని కాలువ మొదట్లో నిలబడ్డాను. ట్రాక్టరు బాట మీద ఎర్రగా, నురగ కడుతూ, నీళ్ళు బయలుదేరాయి. నా కాలువలో దిగాయి. ఒక్క చోట గట్టు తెగలేదు, ఒక్క చోట ఆగలేదు. ఆ పారుదల చూస్తే నా ఒళ్ళు పులకరించింది. మా దగ్గర జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలే రోజున కొబ్బరికాయ కొట్టి పసుపు కుంకుమ వేస్తాం. ఆ ఆచారం గుర్తొచ్చి జేబులు వెతికాను. అమ్మాయి పెట్టిన ఆపిల్ దొరికింది. కాలువకి దణ్ణం పెట్టి, దాన్ని రాయి మీద కొట్టాను. ఆపిల్ కొబ్బరికాయ కాదు కదా, పగలలేదు. ఎగిరి కాలువలో పడి తేలుతూ బయలుదేరింది.

అది చూసి యోనస్ గుడారంలోంచి దూకి దాని వెంట పరుగెత్తాడు. వాడి వెనక మిగిలిన పిల్లలు. ఆపిల్ నా గుడారం ముందు ఒక్క క్షణం ఆగి, పిల్లలవి మూడూ దాటి, లేనా గుడారం మలుపులో ఒక గుండ్రం తిరిగి, చివరి వాలు మీద వేగం అందుకుని, మా అల్లుడి పిల్లకాలువలోకి తిరిగి, కందకంలో పడి, గుడారం గుడ్డ కింద నుంచి లోపలికి వెళ్ళిపోయింది.

నేను చప్పట్లు కొట్టాను. చివరి ఆయకట్టుకి నీళ్ళు అందాయి.

గుడారం తెర లేచింది. మా అల్లుడు బయటికి వచ్చాడు. కాళ్ళకి మేజోళ్ళు, మేజోళ్ళ నిండా నీళ్ళు, చేతిలో ఆపిల్.

“మామా, ఈ ఆపిల్ మీదేనా?”

“అవును.”

“మరి ఈ నీళ్ళు?”

అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. ఆరు గుడారాల చుట్టూ ఆరు గట్లు. ఆరు గట్ల లోపల ఆరు చెరువులు. చెరువుల మధ్యలో నల్లగా గుడారాలు, నీళ్ళలో పడుకున్న గేదెల్లాగా. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను అంత స్వార్థపరుణ్ణి కాను, నాతోపాటు తొమ్మిదిమందిని తీసుకెళ్ళాను. లేనా తన గుడారంలోంచి ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో రొట్టెల సంచి ఎత్తి పట్టుకుని వస్తోంది. నేను మొట్టమొదట నా డైరీ కోసం పరుగెత్తాను. అది దిండు పక్కన తేలుతోంది. దాన్ని చొక్కాలో పెట్టుకుని, ఇంటి నుంచి వెంట తెచ్చుకున్న వాన కొలిచే గాజు గొట్టం దగ్గరికి వెళ్ళి కొలత చూశాను. అలవాటు. ఇల్లు తగలబడుతుంటే ఎండ ఎంత ఉందో చూసే రకం.

తిరిగి వచ్చేసరికి లేనా గడియారం చూస్తోంది. పిల్లల నిద్రసంచులు అదృష్టం కొద్దీ ఇంకా విప్పలేదు, మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో భద్రంగా ఉన్నాయి. కానీ పడుకోవడానికి నేల లేదు. అరగంట చూస్తాను, ఈలోగా నీళ్ళు బయటికి పోకపోతే అందరి ఇళ్ళకీ ఫోను చేస్తాను అంది. అల్లుడు నెమ్మదిగా తర్జుమా చేశాడు. తర్జుమా అవసరం లేకపోయింది. అమూల్య మొహం చూస్తే అర్థమైంది. ఫోను వెళితే స్కార్ఫ్ లేదు. తనకే కాదు, ఏడుగురికీ లేదు, అదీ తన తాతయ్య వల్ల. సోమవారం బడిలో ఆ పిల్ల పేరు ఏమవుతుందో ఆలోచించండి.

అమూల్య ఏడవలేదు. పార తీసుకుని నా గుడారం కింది వైపుకి వెళ్ళింది. గట్టు మీద పార ఎత్తింది.

ఇక్కడ నేను చేసిన పనికి క్షమాపణ లేదు. ముప్పై నాలుగేళ్ళు గట్టు మీద పార ఎత్తినవాడిని చూస్తే నా గొంతు తనంతట తానే లేచేది. అలాగే లేచింది.

“గండి కొడతావా? గట్టు మీద పార వేస్తే కేసు పెడతాను!”

వానలో అందరూ ఆగిపోయారు. లేనా మా అల్లుడి వైపు చూసింది.

“ఏం చెప్పాలె మామా?” అన్నాడు అల్లుడు. “మనవరాలి మీద కేసు పెడుతున్నరని చెప్పాల్నా?”

అమూల్య పార దించలేదు. “తాతయ్యా, నీళ్ళు అక్కడికి వెళ్ళాలి,” అని కింద రైతు కాలువ చూపించింది. “పక్కకి జరుగు. బిట్టె, ప్లీజ్.”

నేను జరగలేదు. వెళ్ళి ఆ గట్టు మీద ఎక్కి, రెండు చేతులూ చాపి నిలబడ్డాను. గుడారాలు మునుగుతున్నాయి, పిల్ల స్కార్ఫ్ మునుగుతోంది, గట్టు మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. కర్మ కాకపోతే ఏమిటి? ఆ గట్టు నానిపోయి ఉంది. నా బరువు ఎనభై కిలోలు. ముందు నా ఎడమ కాలు జారింది, తరువాత కుడి కాలు దాన్ని వెతుక్కుంటూ వెళ్ళింది, తరువాత నేను తెల్ల ప్యాంటుతో సహా గట్టు మధ్యలో కూర్చున్నాను. గట్టు నన్ను మోయలేక తెగింది. చెరువంతా నా ఒడిలోంచి, నా రెండు కాళ్ళ మధ్య నుంచి, రైతు కాలువలోకి దూకింది.

నా సర్వీసులో మొదటి గండి. కూర్చుని కొట్టాను.

నా గుడారం చుట్టూ నీళ్ళు రెండు నిమిషాల్లో దిగిపోయాయి. పిల్లలు కేకలు వేశారు. అమూల్య ఒక్క గెంతులో రెండో గట్టు దగ్గరికి వెళ్ళింది, యోనస్ మూడో గట్టుకి, ఆ పైన ఎవరు ఎక్కడ కొట్టారో నాకు తెలియదు, నేను ఇంకా కూర్చునే ఉన్నాను. పెద్ద కాలువని మొదట్లోనే పూడ్చేశారు. అరగంట కాకముందే ఆరు చెరువులూ ఖాళీ. రైతు వచ్చి చూసి వెళ్ళి, ట్రాక్టరు మీద గడ్డి మోపులు తెచ్చి గుడారాల్లో పరిపించాడు. లేనా ఫోను జేబులో పెట్టేసింది.

తరువాత నా దగ్గరికి వచ్చి, చెయ్యి ఇచ్చి లేపి, కళ్ళు పెద్దవి చేసి ఏదో అడిగింది.

“మీరు కావాలని చేసిన్రా అంటున్నది మామా,” అన్నాడు అల్లుడు. “ముందుగాల తప్పు చూపెట్టి, ఎనుక పిల్లలతోటే సరి చేపిచ్చిన్రా అని.”

అల్లుడి మొహంలో ఏ భావమూ లేదు. నా మొహంలో మట్టి తప్ప ఏమీ లేదు. నాకు వచ్చిన పది జర్మన్ మాటల్లో అతి పొట్టిది వాడాను.

“యా,” అన్నాను.

రాత్రి గురించి రాయడానికి ఏమీ లేదు. గడ్డి వెచ్చగా ఉంది. సైకిల్ స్టాండు పక్కవాళ్ళ సంగతి అల్లుడికి చెప్పుకున్నాను, విని గురక పెట్టాడు.

తెల్లవారి ఆదివారం. ఆకాశం నిర్మలం, ఏమీ ఎరగని దానిలా. రొట్టెలు, జాము, టీ అయ్యాక లేనా అందరినీ గుండ్రంగా నిలబెట్టింది. పిల్లలు ఒక్కొక్కరే ముందుకొచ్చి వాళ్ళ ప్రమాణం చదివారు. నిజం చెబుతాను, తోటివాళ్ళకి సాయపడతాను, అలాంటివి. ఏడు మెడల్లో ఏడు నీలం స్కార్ఫులు పడ్డాయి. మొదటిది అమూల్యది. యోనస్ వచ్చి దాని ముడి సరిచేశాడు. ఈ ఊళ్ళో దానికి దొరికిన మొదటి స్నేహితుడు ఒక లస్కరు.

అప్పుడు లేనా సంచిలోంచి ఎనిమిదోది తీసింది. నా వైపు తిరిగి చాలాసేపు మాట్లాడింది. అల్లుడు ఒక్క ముక్కలో చెప్పాడు. ఇంత మంచి పాఠం మా దళంలో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, వచ్చే నెల పెద్ద శిబిరం ఉంది, ఎనభైమంది పిల్లలు, అక్కడ కూడా ఇదే చేయండి.

నా మెడ తనంతట తానే ముందుకు సాగింది. అది నా తప్పు కాదు, మెడ తప్పు. స్కార్ఫ్ దాదాపు పడింది. అంతలో అమూల్య కనిపించింది. నిన్న నాలుగు ప్రశ్నలు అడిగిన పిల్ల అది, అన్నీ తెలుసు. ఒకసారి నా మొహం చూసింది, ఒకసారి నా ప్యాంటు వెనక ఎండిన మట్టి వైపు చూసింది, తరువాత తన కొత్త స్కార్ఫ్ చివర పట్టుకుని నేల చూసింది. నిజం చెబుతానని అది ప్రమాణం చేసి పది నిమిషాలు కాలేదు.

ఎనభైమంది పిల్లలు కళ్ళ ముందు తేలారు.

“శ్రీకాంత్,” అన్నాను, “ఆమెకి చెప్పు. అది పాఠం కాదు, పొరపాటు.”

“మొత్తం చెప్పాల్నా మామా?”

“మొత్తం.”

“గా సైకిల్ స్టాండు ముచ్చట గూడ?”

“చెప్పు.”

చెప్పాడు. నేను మూడు మాటలు చెబితే అతను పావుగంట చెప్పాడు, చేతులు ఊపుతూ, ఒకచోట కూర్చుని చూపిస్తూ. మామ మీద అల్లుడికి ఉండే కసి అంతా జర్మన్ భాషలో ఎంత తేలిగ్గా ఒదుగుతుందో ఆ రోజు తెలిసింది. పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. లేనా నవ్వలేదు. ఎనిమిదో స్కార్ఫ్‌ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసి, వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నించండి అంది. జర్మనీలో రూలు రూలే.

అమూల్య వచ్చి నా చెయ్యి పట్టుకుంది. సంతోషించాను. రెండో చేత్తో పార అందించింది. రైతుతో ఒప్పందం ప్రకారం అన్నీ పూడ్చాలి కదా.

మధ్యాహ్నం కాకముందే అయిదు గుడారాలవీ పూడ్చాం. చివరిదానికి వచ్చేసరికి అల్లుడు అడ్డం వచ్చాడు. “జర ఆగున్రి మామా,” అని, ఆ పిల్లకాలువనీ, కందకంలో ఇంకా మిగిలిన కాసిని నీళ్ళనీ, అందులో తనే మళ్ళీ వేసిన నా ఆపిల్‌నీ ఫొటో తీసి, ఊళ్ళో వాళ్ళ నాన్నకి, అంటే మా వియ్యంకుడికి, పంపించాడు. కింద ఏం రాశాడో చూపించాడు. ‘నాయినా, మామ కాలువ తవ్విండు. ఆఖరి దాకా నీళ్ళొచ్చినయ్.’

నేను చివరి పార మట్టి వేస్తుండగా జవాబు వచ్చింది. వాయిస్ మెసేజ్. అల్లుడు గట్టిగా పెట్టి అందరికీ వినిపించాడు.

“బిడ్డా, బావను జల్ది మన ఊరికి పంపు. నలభై ఏండ్ల సంది గిసొంటి ఇంజనీరు కోసమే చూస్తున్నం. గుడారం గూడ మేమే ఏస్తం.”

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, స్నానం చేసి, డైరీలో తడవని కొత్త పేజీ మీద ఈ కింది విధంగా నమోదు చేసి సంతకం పెట్టాను. సాక్షి సంతకం మా ఆవిడది. అడగకుండానే పెట్టింది.

‘ఇందుమూలముగా నేను స్వబుద్ధితో ప్రమాణం చేయునది ఏమనగా, ఇకపై ఏ దేశమందును, ఏ గుడారమునకును, ఏ కారణముచేతనూ నీళ్ళు సరఫరా చేయను. మనవరాలు నాలుగో ప్రశ్న అడిగినప్పుడు టీ తాగను. మురుగు కాలువల వారు ఎక్కడ కనబడినా బెంచీ మొత్తం ఖాళీ చేసి, లేచి నిలబడెదను. తెల్ల ప్యాంటు విషయమై ప్రమాణం అక్కరలేదు. అది లేదు.’